డెబ్బై రెండు గంటల నందివర్ధనం

రోగానికి గడియారం ఉండదు. ఈ చిన్న విషయాన్ని చదువుకున్న ముగ్గురు వైద్యుల చేత ఒప్పించడానికి నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై రెండు నిమిషాలూ నా చెల్లెలు ఇందుమతిని ఒక మనిషిగా కాక, ఒక సాక్ష్యంగా బల్ల ముందు కూర్చోబెట్టాను. ఆ సంగతి దాచిపెట్టి ఇది రాయడం నాకు ఇష్టం లేదు.

ఇందుమతి విశాఖపట్నంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించింది. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. చేయీ కాలూ మూడు నెలల్లో స్వాధీనంలోకి వచ్చాయి. మాట కూడా వచ్చింది. పేర్లు మాత్రం రాలేదు. మనిషిని చూస్తే ఎవరో తెలుసు, ఎన్నాళ్ళ పరిచయమో తెలుసు, ఎప్పుడు ఎందుకు పోట్లాడుకున్నారో కూడా తెలుసు. పేరే తెలియదు. మొక్కను చూస్తే కుటుంబం, ఆకుల అమరిక, పూసే కాలం అన్నీ చెప్పేది. పేరు దగ్గర ఆగిపోయేది. "హెర్బేరియంలో ఎండుమొక్కలన్నీ ఉన్నాయి, చీటీలే ఊడిపోయాయి" అని తనే నవ్వింది ఒకసారి. ఒక్కసారే.

ఊరి చివర కొండ మీద నామస్మృతి కేంద్రం ఉంది. అక్కడ ఆమె మెదడులో వెంట్రుక కంటె సన్నని తీగ ఒకటి అమర్చారు. నడుముకు అగ్గిపెట్టెకు రెండింతలుండే డబ్బీ కట్టారు. కన్ను ఒక ముఖాన్నో పువ్వునో గుర్తుపట్టగానే తీగ ఆ గుర్తింపును పట్టుకుంటుంది. డబ్బీ దాన్ని కేంద్రంలోని సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ నామకోశం నుంచి పేరు తెచ్చి ఇస్తుంది. అరక్షణంలో ఆ పేరు తనకే తోచినట్టు మనసులో మెదులుతుంది. అలాంటి తీగతో బతుకుతున్నవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది.

నామకోశంలో ఎవరి పేర్లు వాళ్ళ కుటుంబమే నింపాలి. నేను ఇందుమతి కోసం రెండు వేల మూడు వందల పేర్లు నింపాను. నా ఫోటో పక్క గడిలో 'పేరు' అని అడిగారు. నేను 'కాత్యాయని' అని రాశాను. అడిగినదానికి అడిగినట్టు జవాబు రాయడం నా అలవాటు. ఫలితంగా, అరవై ఏళ్ళు నన్ను అక్కా అని పిలిచిన మనిషి మర్నాటి నుంచి "కాత్యాయనీ, కాఫీ కలపనా?" అనడం మొదలుపెట్టింది. పరికరం పనిచేస్తోందనడానికి అది రుజువు. కనుక నేను దాని గురించి ఫిర్యాదు చెయ్యలేదు.

పద్నాలుగు నెలలు అలా గడిచాయి. ఆయుధపూజ నాటి సాయంత్రం, సరిగ్గా ఆరు గంటల పది నిమిషాలకు, ఎదురింటి పారిజాతం చెట్టు పేరు పోయింది.

మర్నాడు దసరా నాడు పాలవాడి పేరు, మేనకోడలి పేరు, గోంగూర పేరు పోయాయి. గురువారం ఉదయం తొమ్మిదింపావుకు, ఇడ్లీ పళ్ళెం అందిస్తున్న నా ముఖం చూసి ఇందుమతి కొయ్యబారిపోయింది.

"నువ్వు..." అంది. అక్కడితో ఆగింది.

"తిను" అన్నాను.

"తింటాన్లే. నువ్వెవరో నాకు తెలుసు. ఏడో ఏట నా పలక పగలగొట్టి పిల్లి మీద పెట్టినదానివి."

"పిల్లే పగలగొట్టింది."

"చూశావా, అన్నీ గుర్తే" అంది. ఇడ్లీని మాత్రం తినకుండా ముక్కలు చేస్తూ పోయింది.

ఆ మధ్యాహ్నం కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. ముప్ఫై ఎనిమిది మందిలోనూ ఇదే పరిస్థితి ఉందనీ, మెదడు తీగను తిరస్కరిస్తోందనీ, శనివారం నుంచి తీగలు తొలగిస్తామనీ, శుక్రవారం ఉదయం పదిన్నరకు ఇందుమతి విషయం వైద్యుల సంఘం పరిశీలిస్తుందనీ దాని సారాంశం. తీగ ఒకసారి తీస్తే ఆ చోట మచ్చ కడుతుంది. మళ్ళీ అమర్చడం కుదరదు. ఈ మాట ఉత్తరంలో రాయలేదు. సంతకం పెట్టేటప్పుడు మేము చదివిన షరతుల్లో పదకొండో పేజీలో ఉంది. ఆ పదకొండో పేజీ చదివిన కుటుంబం మాది ఒక్కటే అయి ఉంటుందని నా అనుమానం.

నేను ముప్ఫై ఆరేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. అక్కడ ఫాల్ట్ బుక్ అని ఒక పుస్తకం ఉండేది. లైను ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎవరు చూశారు, అన్నీ అందులో రాయాలి. ఊహలు రాయకూడదు. ఇందుమతికి డబ్బీ కట్టిన రోజే నేను అటువంటి పుస్తకం ఒకటి తెరిచాను. సర్వర్ నుంచి పేరు వచ్చినప్పుడల్లా డబ్బీ చిన్నగా కిచ్‌మంటుంది. అప్పుడు వేళ రాసేదాన్ని. ఈ మూడు రోజులూ పేర్లు పోయిన వేళ కూడా రాశాను.

ఉత్తరం పక్కన ఆ పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. పారిజాతం: శనివారం సాయంత్రం ఆరూ పదికి వచ్చింది, మంగళవారం సాయంత్రం ఆరూ పదికి పోయింది. కాత్యాయని: సోమవారం తొమ్మిదింపావుకు వచ్చింది, గురువారం తొమ్మిదింపావుకు పోయింది. ఇరవై ఏడు పేర్లు సరిచూశాను. ఒక్కొక్కటీ వచ్చిన డెబ్బై రెండు గంటలకు, నిమిషం తేడా లేకుండా, పోయింది.

మెదడు దేన్నైనా తిరస్కరిస్తే ఇలా నిమిషాలు లెక్కపెట్టుకుని తిరస్కరించదు.

కేంద్రంలో సర్వర్ చూసే అధికారి ఫణిభూషణ్‌కు ఫోన్ చేశాను. నలభై దాటినవాడు, మర్యాదస్థుడు, ఏ ప్రశ్నకైనా ముందు నవ్వుతాడు.

"సర్వర్ బ్రహ్మాండంగా ఉందండి మేడం. పొద్దున్నుంచి నాలుగుసార్లు పింగ్ కొట్టి పలకరించాను. జవాబు టకటకా వస్తోంది. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి."

"డబ్బీలో పేరు ఎంతసేపు నిలవ ఉంటుంది?"

"మూడు రోజులండి. తరవాత మళ్ళీ సర్వర్‌ని అడిగి తెచ్చుకుంటుంది. మనకి తెలీకుండానే జరిగిపోద్ది."

"మూడు రోజులంటే ఎన్ని గంటలు?"

ఆయన నవ్వాడు. "డెబ్బై రెండే కదండి."

"ఈ సంగతి మీ డైరెక్టరు గారికి తెలుసా?"

"ఆయన సర్జన్ కదండి. ఆయన తీగ చూస్తారు, నేను సర్వర్ చూస్తాను."

తీగకూ సర్వర్‌కూ మధ్య ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళను చూసే ఉద్యోగం ఎవరికీ ఇవ్వలేదు.

పుస్తకంలో చివరగా వచ్చిన పేరు నందివర్ధనం. మంగళవారం ఉదయం పదీ యాభై రెండుకు వచ్చింది. ఆ ఉదయం కేంద్రంలో ఆయుధపూజకు మమ్మల్ని పిలిచారు. ఇందుమతి వాళ్ళ ఆవరణలోని చెట్టు నుంచి దోసెడు తెల్లపూలు కోసి, "నందివర్ధనం, కాత్యాయనీ! దీని పేరు ఎంత హాయిగా ఉందో చూడు" అంది. డబ్బీ కిచ్‌మంది. ఆ తరవాత కొత్తగా ఒక్క పేరూ రాలేదు. అంటే పదీ యాభై రెండు తరవాతే ఏదో జరిగింది. ఇప్పుడు ఇందుమతికి మిగిలినవి నాలుగు పేర్లు. శుక్రవారం సమావేశం మొదలయ్యేసరికి ఒక్కటే మిగులుతుంది. అది ఎన్ని గంటలకు పోతుందో నాకు తెలుసు.

ఇందుమతికి మాత్రం చెప్పలేదు. ముందుగా తెలిసి ఉంటే నటించిందని అంటారు. సాక్ష్యం కలుషితం కాకూడదు. ఎంత చక్కటి కారణం! ఇంతటి చక్కటి కారణాలతోనే మనుషులు మనుషుల్ని వాడుకుంటారు.

*

శుక్రవారం పదిన్నరకు సంఘం కూర్చుంది. డైరెక్టరు నీలకంఠం గారు మధ్యన, మరో ఇద్దరు వైద్యులు అటూ ఇటూ. ఫణిభూషణ్ గోడవార నిలబడ్డాడు. నీలకంఠం గారిది గంభీరమైన గొంతు. ఆయన మొదటి వాక్యం పూర్తికాకముందే ఇందుమతి నా చెవిలో, "మైకు మింగినాయన వచ్చాడు" అంది. పేరు లేకపోయినా ఆవిడ వర్గీకరణ తప్పదు.

"అమ్మా, మీ బాధ మాకు అర్థమవుతుంది" అన్నాడాయన. "కానీ శరీరం వద్దంటున్నదాన్ని మనం బలవంతం చెయ్యకూడదు."

"శరీరం వద్దనలేదు డాక్టరు గారూ. మీ సర్వర్ జవాబివ్వడం మానేసింది. పాత జవాబులు ఒక్కొక్కటే మురిగిపోతున్నాయి."

"సర్వర్ బాగానే ఉందని మావాళ్ళు చెప్పారు."

"మీవాళ్ళు దాన్ని బతికే ఉన్నావా అని అడిగారు. పనిచేస్తున్నావా అని అడగలేదు."

ఫాల్ట్ బుక్ ఆయన ముందు పెట్టాను. పక్కన నా చేతిగడియారం పెట్టాను. దారిలో ఆవరణలో కోసిన నందివర్ధనం రెమ్మ ఇందుమతి చేతికిచ్చాను. అప్పటికి పదీ నలభై రెండు.

"మా చెల్లెలికి మిగిలిన పేరు ఇదొక్కటే. మరో పది నిమిషాలకు, పదీ యాభై రెండుకు, ఇది కూడా పోతుంది. పోకపోతే తీగ తొలగించడానికి ఇప్పుడే సంతకం పెడతాను. పోతే మీ సర్వర్ గది తలుపు నాకు తియ్యండి."

ఇందుమతి తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు నేను గమనించాను. గమనించి, పక్కకు పెట్టాను.

"ఇదేమిటి ఇందూ?"

"నందివర్ధనం."

నిమిషానికొకసారి అడిగాను. నిమిషానికొకసారి చెప్పింది. పదీ యాభైకి విసుక్కుంది. "ఎన్నిసార్లడుగుతావు? పరీక్షలో కూడా ఒక్కసారే అడుగుతాం." ఒక వైద్యుడు నవ్వాడు. పదీ యాభై ఒకటికి, "నందివర్ధనం. నంది... వర్ధనం" అని నెమ్మదిగా, ఎవరో లాక్కుపోతున్న కొంగు పట్టుకున్నట్టు పలికింది. అప్పటికి ఆమెకు అర్థమైపోయింది.

సెకన్ల ముల్లు పన్నెండు దాటింది.

"ఇదేమిటి ఇందూ?"

ఆమె పువ్వు వైపు చూసింది. పెదవులు కదిలాయి. "అయిదు రేకులు... విరిస్తే పాలు కారతాయి... గన్నేరు కుటుంబమే..." అంటూ గన్నేరు అన్న మాట దగ్గరే తడబడి, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, రెమ్మను రెండు చేతులా పట్టుకుని నా వైపు తిరిగింది.

"అక్కా" అంది. "అక్కా, పోయింది."

నేను వేళ రాశాను. పదీ యాభై రెండు. చేతిరాత చెడలేదు. ఆ రెండక్షరాల మాట నామకోశంలో నేను ఏ గడిలోనూ నింపలేదన్న సంగతి కూడా అప్పుడే గమనించాను. దాన్ని ఏ వరుసలో రాయాలో మాత్రం నాకు తెలియలేదు.

నీలకంఠం గారు పుస్తకం మూశారు. "ఫణీ, తలుపు తియ్యి" అన్నారు. ఈసారి మైకు లేదు.

*

సర్వర్ గది రెండో అంతస్తులో ఉంది. మెట్ల కింద పాత యంత్రమొకటి దుమ్ము పట్టి పడి ఉంది. దానికి చీపురు ఆన్చి ఉంది. ఇందుమతి దాన్ని చూసి, "పాపం, రిటైరయింది" అని తనలో తనే అంది. నేను కుర్చీలో కూర్చోమన్నా కూర్చోక నా వెనకే పైకి వచ్చింది. నాతో మాట్లాడటం లేదు. రావడం మాత్రం మానలేదు.

సర్వర్ నుదుట మూడు వేళ్ళతో పెట్టిన పసుపు, దాని మీద కుంకుమ. పైన ఎండిన బంతిమాల. మూడు రోజుల నాటి నిమ్మకాయ.

"దీన్ని పూజకు ఆపారా?" అన్నాను.

"ఆపాలి కదండి మేడం. తిరిగే మిషన్‌కి పసుపు పెట్టకూడదని మా పెద్దాయన నియమం. ఏడాదికి ఒక్కసారే ఆపుతాం. పదకొండింటికి ఆపి, హారతయ్యాక పదకొండున్నరకి వేసేశాను. చక్కగా లేచింది."

"పూజకు తప్ప ఎప్పుడూ ఆపరా?"

"పనిచేసేదాన్ని ఎందుకాపుతామండి?"

నామకోశం ఉన్న వేరే యంత్రాన్ని ఈ సర్వర్ నుంచి అంకెల చిరునామాతో పింగ్ చెయ్యమన్నాను. జవాబు వచ్చింది. అదే యంత్రాన్ని పేరుతో పింగ్ చెయ్యమన్నాను. ఫణిభూషణ్ పేరు కొట్టాడు. తెర చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, ఆ పేరు గల యంత్రం తెలియదు అంది.

ఫణిభూషణ్ నవ్వు ఆగిపోయింది.

సంగతి ఇది. యంత్రాలకు అంకెలే చిరునామాలు. ఒక యంత్రాన్ని పేరుతో పిలవాలంటే, ఆ పేరుకు అంకెలేమిటో చెప్పే యంత్రం వేరే ఉండాలి. దాన్నే డీఎన్ఎస్ అంటారు. మా కాలంలో ఊళ్ళో ఎవరి నంబరైనా కావాలంటే నూట తొంభై ఏడుకు ఫోన్ చేసేవాళ్ళు, అక్కడో అమ్మాయి పుస్తకం చూసి చెప్పేది. ఈ సర్వర్ కూడా అలా అడుగుతోంది. జవాబు రావడం లేదు. దానికి నామకోశం తెలుసు. దాని పేరు చెబితే అది ఏ అంకెల దగ్గరుందో మాత్రం తెలియడం లేదు. ఫణిభూషణ్ పరీక్షలన్నీ అంకెలతో చేశాడు గనుక అన్నీ పచ్చగా కనిపించాయి.

"అంటే దానికీ నా జబ్బే వచ్చింది" అంది వెనక నుంచి ఇందుమతి. సమావేశం తరవాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"ఎవరిని అడుగుతోందో చూపించండి" అన్నాను.

ఫణిభూషణ్ రిజాల్వ్ అనే చిన్న ఫైలు తెరిచాడు. అందులో అడగవలసిన యంత్రం అంకెలున్నాయి. చివరి అంకె నాలుగు. ఆయన చెమట తుడుచుకున్నాడు.

"ఇది పాత భవనంలో ఉండే మిషనండి. కిందటి నవంబరులో ఇక్కడికి మారినప్పుడు తీసేశాం. కొత్తది తొమ్మిది. ఈ ఫైల్లో తొమ్మిదే ఉండాలి. అప్పుడున్నాయన తన చేత్తో మార్చాడు. నేను చూశాను కూడా."

"పాతది ఇప్పుడెక్కడుంది?"

ఆయన నేల వైపు చూశాడు. "మెట్ల కిందండి."

చీపురు ఆన్చిన యంత్రాన్ని ఈ సర్వర్ మూడు రోజులుగా, సెకనుకు పదిసార్లు, చిరునామా అడుగుతోంది.

ఫణిభూషణ్ నాలుగు చెరిపి తొమ్మిది కొట్టాడు. పేరుతో పింగ్ చేశాడు. జవాబు వచ్చింది. అదే క్షణంలో నా వెనక డబ్బీ కిచ్‌మంది. ఇందుమతి చేతిలో వాడుతున్న రెమ్మ వైపు చూసింది. "నందివర్ధనం" అంది, చాలా నెమ్మదిగా, దాన్ని ఎవరూ వినకూడదన్నట్టు.

"అయిపోయిందండి మేడం!" అన్నాడు ఫణిభూషణ్. "మీ దయవల్ల..."

"ఆపండి."

"ఏమిటండీ?"

"సర్వర్ ఆపి మళ్ళీ వెయ్యండి."

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇప్పుడే కదండి బాగుపడింది! పనిచేసేదాన్ని..."

"పనిచేసేదాన్ని ఎందుకాపాలని కిందటి నవంబరులో ఆయన కూడా అనుకున్నాడు. అందుకే ఆయన మార్పు ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియలేదు. ఆ ఫైల్లో మొదటి వాక్యం చదవండి."

"అదా... అది ప్రతి ఫైల్లోనూ ఉంటుందండి, ఇంగ్లీషులో. ఎవరూ చదవరు."

"నేను చదివాను. ఈ ఫైలును వేరొక ప్రోగ్రాం తయారుచేస్తుంది, చేత్తో చేసిన మార్పులు నిలవవు, అని రాసి ఉంది. మనిషి భాషలో, స్పష్టంగా. ఆపండి."

ఆపాడు. వేశాడు. ఆరు నిమిషాలు పట్టింది. ఫైలు తెరిచాడు. తొమ్మిది లేదు. నాలుగే ఉంది.

ఆ క్షణాన ఆయన మీద నాకు కోపం పోయిందని చెప్పలేను. తగ్గింది. తన తప్పును తన కళ్ళతో చూసినవాడిని ఇంకా తిట్టడం వృథా.

అసలు మూలం మరో చోట ఉంది. సర్వర్ లేచేటప్పుడు చదువుకునే నెట్‌వర్క్ అమరికలో పాత అంకెలు అలాగే ఉన్నాయి. అక్కడినుంచే ఆ చిన్న ఫైలు ప్రతిసారీ పుట్టుకొస్తోంది. నవంబరులో ఆ మార్పు చేసినాయన కొమ్మకు కట్టు కట్టాడు, వేరు చూడలేదు. ఆ తరవాత సర్వర్ ఆగింది ఈ పూజకే. ఫణిభూషణ్ అమరికలో తొమ్మిది రాశాడు. ఈసారి నేను చెప్పకుండానే ఆపాడు, వేశాడు. తొమ్మిది నిలిచింది. మరొకసారి ఆపి వెయ్యమన్నాను. మారు మాట్లాడకుండా చేశాడు. నిలిచింది.

నీలకంఠం గారు ఒక కాగితం తయారుచేయించారు. 'అనివార్య సాంకేతిక అంతరాయం' అని ఉంది. నేను అనివార్య అన్న మాట కొట్టేశాను. పూజకు ఆపడం తప్పు కాదనీ, ఆపి వేశాక ఒక్క రోగి చేతనైనా ఒక్క కొత్త పేరు చెప్పించి చూడకపోవడం తప్పనీ, ఇకమీదట నెలకొకసారి ఆపి వేసి సరిచూడాలనీ, ఆ ఫలితం తీగ చూసేవాళ్ళూ సర్వర్ చూసేవాళ్ళూ ఒకే పుస్తకంలో రాయాలనీ నా చేత్తో రాశాను. ఆయన చాలాసేపు చదివి, సంతకం పెట్టారు. శనివారం శస్త్రచికిత్సలన్నీ రద్దయ్యాయి.

*

బస్సులో ఇందుమతి కిటికీ వైపు కూర్చుంది. డబ్బీ కిచ్‌మంటూనే ఉంది. రావి, తురాయి, కానుగ, ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. నా వైపు చూసినప్పుడు కూడా కిచ్‌మంది.

"కాత్యాయనీ" అంది, "నాకు ముందే చెప్పి ఉండకూడదూ?"

"చెబితే వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు."

"నన్ను నువ్వూ నమ్మలేదా?"

తప్పు నాదే అన్నాను.

"పువ్వు పేరు పోయినప్పుడు నేను నిన్ను ఏమని పిలిచాను?"

చెప్పాను.

"అది డబ్బీలోది కాదు కదా?"

"కాదు."

"మరి నువ్వు నాకు ఎదురొచ్చినప్పుడల్లా నీ పేరు ముందొచ్చి కూర్చుంటోంది. అది కూర్చున్న చోట ఇంకోటి కూర్చోలేదు. తీసెయ్."

"ఏమిటి?"

"నామకోశంలో నీ గడి ఖాళీ చెయ్యి. వస్తే వస్తుంది. రాకపోతే, నువ్వు ఎలాగూ వేళ రాసుకుంటావు."

ఇంటికి చేరగానే నామకోశం తెరిచి, నా ఫోటో పక్కనున్న గడి ఖాళీ చేశాను. డబ్బీలో నా పేరు చివరగా వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి. కనుక సోమవారం రెండూ ఇరవై దాకా ఉంటుంది. తరవాత ఏముంటుందో, ఏమీ ఉండదో, నాకు తెలియదు. తెలియని ఫలితం కోసం ఎదురుచూడటం నేను ఎక్స్ఛేంజిలో కూడా ఇంత అసహ్యించుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఇందుమతి బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. గడియారం బల్ల మీద, ఫాల్ట్ బుక్ పక్కన, కలం మూత తీసి. రెండూ పంతొమ్మిదికి ఆమె, "కాత్యాయనీ, ఈ గిన్నె జరుపు" అంది. జరిపాను. రెండూ ఇరవై అయింది. ఇరవై ఒకటి అయింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. పెదవులు విచ్చుకుని ఆగాయి. డబ్బీ కిచ్‌మనలేదు. ఆమె చేతిలో చిక్కుడుకాయ సగం విరిగి ఉంది. ఏదో వెతుకుతున్నట్టు ఆమె కళ్ళు నా ముఖం మీద కదిలాయి. నేను గడియారం ముల్లు వైపు చూశాను. ఇరవై రెండు అయింది. ఇరవై మూడు అయింది.

"అబ్బ, ఆ గడియారం అవతల పెట్టక్కా" అంది. "కాయలు వలువు."